ఈ రోజు ఎలా గడిచింది?

మనసు సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో అమెరికాలోని పెన్‌సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకుల పని గురించి రాశాను. మామూలు మనుషులకు వరసగా ఎనిమిది రాత్రులు ఫోన్ చేసి, ఆ రోజు ఎదురైన చికాకులు ఏమిటో అడిగి రాసుకుని, ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాళ్ళ ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చిన పరిశోధన అది. దాని మీద వచ్చిన ఉత్తరాలలో ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. పేరు వేయవద్దన్నవారే ఎక్కువ కనుక అందరి పేర్లూ తీసేసి, ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. ఫోన్ చేసి 'ఇవాళ ఎవరితోనైనా మాటా మాటా వచ్చిందా' అని అడగడం పరిశోధన ఎలా అవుతుంది? ఆ మాట మా అమ్మ నన్ను రోజూ అడుగుతుంది. ఒత్తిడి అంటే ఉద్యోగం పోవడం, ఇంట్లో మనిషి పోవడం, అప్పుల పాలవడం అని నేననుకుంటున్నాను. చిన్న చిన్న చికాకులు లెక్కపెడితే ఏం తెలుస్తుంది?
(ఒక బ్యాంకు ఉద్యోగి, విజయవాడ)

జవాబు: మీ అమ్మగారు అడిగేదీ వాళ్ళు అడిగేదీ నిజానికి ఒకే ప్రశ్న. కాకపోతే వాళ్ళు దాన్ని అవే మాటలతో, అదే వరసలో, వందల మందిని, ఒక్కొక్కరిని ఎనిమిది రాత్రులు అడిగారు. అడిగి ఊరుకోకుండా పదేళ్ళ తర్వాత మళ్ళీ ఆ మనుషులనే వెతుక్కుంటూ వెళ్ళారు.

ఒత్తిడి అంటే పెద్ద కష్టమేనన్న మీ అభిప్రాయం శాస్త్రజ్ఞులలోనూ చాలాకాలం ఉంది. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు మానసిక వైద్యులు 43 జీవిత సంఘటనలతో ఒక పట్టిక తయారుచేసి, ఒక్కొక్క దానికి ఇంత బరువని అంకెలు వేశారు. భార్య గాని భర్త గాని పోవడానికి 100, విడాకులకు 73, పెళ్ళికి 50. శుభకార్యానికి కూడా బరువు వేయడం ఆ పట్టికలో నాకు నచ్చిన విషయం. ఆడపిల్ల పెళ్ళి చేసిన ఏ తండ్రిని అడిగినా ఆ అంకె ఎందుకో చెబుతాడు. అయితే ఇలాంటి సంఘటనలు ఒక మనిషికి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, కొన్నేళ్ళు అసలే రావు. మిగిలిన రోజుల సంగతి ఏమిటన్న ప్రశ్నను గట్టిగా ముందుకు తెచ్చినవారు బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పనిచేసిన రిచర్డ్ లాజరస్, ఆయన సహచరులు. 45 నుంచి 64 ఏళ్ళ మధ్య వయసున్న 100 మంది చేత పది నెలలపాటు నెలకోసారి తమ చికాకులనూ, మనసుకు హాయినిచ్చిన సంగతులనూ గుర్తు పెట్టించి, 1981లో ఫలితాలు ప్రచురించారు. వస్తువులు ఎక్కడో పెట్టి మరిచిపోవడం, ధరలు పెరగడం, బరువు పెరిగిపోతున్నామన్న బెంగ వంటివి ఆ చికాకుల జాబితాలో 117 ఉన్నాయి. మనసు బాగులేకపోవడాన్ని ముందుగా పట్టివ్వడంలో పెద్ద సంఘటనల పట్టిక కన్నా ఈ చిల్లర చికాకుల జాబితాయే మెరుగ్గా పనిచేసింది.

దీనికి వెంటనే అభ్యంతరం వచ్చింది, ఆ అభ్యంతరం న్యాయమైనదే. మనసు ముందే కుంగి ఉన్న మనిషికి చిన్న విషయం కూడా చికాకుగానే కనిపిస్తుంది కదా, అటువంటప్పుడు ఏది కారణం, ఏది ఫలితం అని 1984లో కొందరు పరిశోధకులు నిలదీశారు. నెలకోసారి అడిగితే ఈ చిక్కు విడదు, ఎందుకంటే నెల గడిచేసరికి మనకు గుర్తుండేది జరిగినదంతా కాదు, బాగా నొప్పించినది మాత్రమే. అందుకే పరిశోధకులు ఏ రోజు సంగతి ఆ రోజే అడిగే పద్ధతికి వచ్చారు. దీనివల్ల కలిగిన అసలు లాభం ఏమిటంటే, మిమ్మల్ని పక్క సీటు ఆయనతో పోల్చనవసరం లేదు. చికాకు ఎదురైన మంగళవారం నాటి మిమ్మల్ని, ఏమీ జరగని బుధవారం నాటి మిమ్మల్నే పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఆ రెండు రోజుల మనఃస్థితికి మధ్య ఉన్న తేడాయే వాళ్ళు కొలిచేది.

నేను రాసిన పరిశోధన ఈ దారిలోదే. 1995లో అమెరికాలో నడివయసు మనుషుల జీవితం మీద 'మిడస్' అనే పెద్ద అధ్యయనం మొదలైంది. 25 నుంచి 74 ఏళ్ళ వయసున్నవారు ఏడు వేల మందికి పైగా అందులో ఉన్నారు. వారిలో కొంతమందితో డేవిడ్ అల్మీడా ఆధ్వర్యంలో ఈ ఎనిమిది రాత్రుల ఫోన్ సంభాషణలు సాగాయి. అడిగే ప్రశ్నలు ఏడు. ఈ రోజు ఎవరితోనైనా వాదన గాని తగవు గాని జరిగిందా; తగవు కావలసిందే గాని పోనీలెమ్మని మీరు వదిలేసిన సంగతి ఏదైనా ఉందా; పనిలో గాని చదువులో గాని ఇబ్బంది వచ్చిందా; ఇంట్లో వచ్చిందా; ఎవరైనా మిమ్మల్ని చిన్నచూపు చూశారా; మీకు కావలసిన వాళ్ళకు ఏదైనా జరిగి ఆ బాధ మీ మీద పడిందా; ఇవి కాక ఇంకేమైనా ఉందా. వీటితోపాటు ఈ రోజు దిగులు, ఆందోళన, నిరాశ ఎంతసేపు ఉన్నాయో, 'అసలు లేవు' దగ్గర నుంచి 'రోజంతా ఉన్నాయి' దాకా ఒక మెట్టు చూపించమంటారు.

మొదటి విడత లెక్కల్లో, కనీసం ఒక చికాకైనా ఎదురైన రోజులు పదింటిలో నాలుగు. మొత్తం చికాకులలో సగం మనుషులతో వచ్చినవే. మీరు బ్యాంకులో కౌంటరు ముందు కూర్చుంటారు గనుక ఇది మీకు వివరించనక్కరలేదనుకుంటాను. మగవాళ్ళలో పని ఇబ్బందులు ఎక్కువగా, ఆడవాళ్ళలో తమ వాళ్ళకు వచ్చిన కష్టాలు ఎక్కువగా నమోదయ్యాయి.

ఇక దీనివల్ల ఏం తెలిసిందన్న మీ ప్రశ్నకు వస్తాను. సూసన్ చార్ల్స్, అల్మీడా, వారి సహచరులు 711 మందిని పదేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. చికాకు ఎదురైన రోజున ఎవరి మనసు ఎక్కువగా కుంగేదో, పదేళ్ళ తర్వాత మానసిక సమస్యలు వారిలో ఎక్కువగా కనిపించాయి. వీరిద్దరే మరొకరితో కలిసి 2018లో ఇంకో మెట్టు దిగి చూశారు. చికాకు కలిగిన రోజు సంగతి అలా ఉంచి, మర్నాటికి కూడా ఆ చేదు మిగిలి ఉందా అని చూస్తే, అలా మిగుల్చుకునేవారిలో ఏళ్ళ తర్వాత దీర్ఘవ్యాధులూ, రోజువారీ పనులు చేసుకోవడంలో ఇబ్బందులూ ఎక్కువగా ఉన్నాయి. చికాకే రోగం తెచ్చిందని ఇవి రుజువు చేయలేవు. రెండూ ముడిపడి ఉన్నాయని మాత్రమే చెప్పగలవు. అయినా, ముప్పై ఏళ్ళు ఈ పాఠాలు చెప్పిన నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఆ మర్నాటి సంగతే. ఎన్ని చికాకులు వచ్చాయన్నది మన చేతిలో లేదు. నిన్నటిది ఇవాళ్టికి ఎంత మిగిలిందన్నది మాత్రం మనం గమనించగలిగిన విషయం, కొంతవరకు మార్చుకోగలిగిన విషయం కూడా.

ప్రశ్న: ఉమ్మిలో కార్టిసాల్ చూసి ఒత్తిడి కొలుస్తారని రాశారు. మా దగ్గర డయాగ్నస్టిక్ సెంటర్‌లో కూడా కార్టిసాల్ పరీక్ష ఉంది. ఒకసారి చేయించుకుంటే నాకెంత ఒత్తిడి ఉందో తెలుస్తుందా?
(ఒక ఫార్మసీ విద్యార్థి, వరంగల్)

జవాబు: తెలియదు. డబ్బు వృథా చేసుకోవద్దు.

కార్టిసాల్ అనేది మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులలో తయారయ్యే హార్మోను. దానికి తనదైన దినచర్య ఉంది. నిద్ర లేచిన తర్వాత అరగంట నుంచి ముప్పావుగంట లోపల అది బాగా పెరిగి, అక్కడి నుంచి సాయంత్రానికి తగ్గుతూ వచ్చి, అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగుకు చేరుతుంది. ఏ ఒత్తిడీ లేని మనిషికి కూడా పొద్దున ఎక్కువే ఉంటుంది, రాత్రి తక్కువే ఉంటుంది. కనుక ఏ వేళకు తీశారో తెలియని ఒక్క అంకెకు ఈ విషయంలో అర్థం లేదు. డాక్టర్లు ఆ పరీక్ష రాసేది అడ్రినల్, పిట్యూటరీ గ్రంథుల జబ్బులను అనుమానించినప్పుడు. అది వేరే సంగతి.

పరిశోధకులు చూసేది అంకెను కాదు, ఆ ఎక్కిదిగే గీతను. ఆ ఎనిమిది రాత్రుల పరిశోధనకు 2004లో మొదలైన రెండో విడతలో 2,022 మంది పాల్గొన్నారు. వారికి పోస్టులో ఒక పెట్టె వచ్చేది. అందులో చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కొక్క దానిలో వేలి కణుపంత దూది చుట్ట ఉంటాయి. దూదిని నోట్లో పెట్టుకుని, బాగా తడిసేదాకా నములుతున్నట్టు దవడలు ఆడించి, చేత్తో ఎక్కువ తాకకుండా మళ్ళీ గొట్టంలోకి వదిలి మూత పెట్టాలి. లేచిన వెంటనే ఒకటి, అరగంటకు ఒకటి, మధ్యాహ్న భోజనానికి ముందు ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి, ఇలా రోజుకు నాలుగు చొప్పున నాలుగు రోజులు. అంటే మనిషికి పదహారు గొట్టాలు.

చెప్పడానికి సులువుగా ఉన్నా చేయించడం ఎంత కష్టమో ఊహించండి. లేవగానే అంటే కళ్ళు తెరవగానే అని అర్థం. మన ఇళ్ళలో కళ్ళు తెరిచిన తర్వాత పళ్ళు తోముకుని, కాఫీ పడితే తప్ప ఎవరూ మనిషి కారు. ఇరవై నిమిషాలు ఆలస్యంగా తీసి, కాగితం మీద మాత్రం సరైన సమయం రాస్తే గీత మొత్తం తప్పుతుంది, కాఫీ తాగి తీస్తే నమూనా పాడవుతుంది. అందుకే కొన్ని పరిశోధనల్లో మూత తెరిచిన నిమిషాన్ని తనంతట తానే నమోదు చేసుకునే సీసాలు వాడతారు. మీరు ఫార్మసీ చదువుతున్నారు కనుక ఇంత వివరంగా రాశాను. రేపు మీరే ఏ ల్యాబ్‌లోనైనా ఈ గొట్టాలు పంచవలసి వస్తే, రసాయన పరీక్ష కన్నా ముందు ఇంటివాళ్ళకు పద్ధతి వివరించి చెప్పడానికి ఎక్కువ సమయం పెట్టుకోండి.

ప్రశ్న: ఎం.ఏ. సైకాలజీ ప్రాజెక్టు కోసం ఒత్తిడి మీద ఒక ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగు చేశాను. స్ట్రెస్ అన్నచోటల్లా ఒత్తిడి అని రాశాను. మా గైడ్ గారు తిప్పి పంపి, 'ఊళ్ళోకి వెళ్ళి నలుగురిని అడిగి రా' అన్నారు. నిఘంటువులో ఉన్న మాటే కదా, ఇందులో తప్పేముంది?
(ఒక విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: అమ్మాయీ, మీ గైడ్ గారికి నా నమస్కారం చెప్పు. ఆ మాట నాకు చెప్పేవారు లేక నేను ఒక ఎండాకాలం మొత్తం పోగొట్టుకున్నాను.

పరిశోధన విద్యార్థినిగా ఉన్న రోజుల్లో సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెలో ప్రశ్నావళి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంటి వాకిట్లో ఒకావిడ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, 'గత నెల రోజులలో మీకు ఎంత తరచుగా ఒత్తిడి కలిగింది?' అని నా కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆవిడ చేతిలో కాయ ఆపి, 'ఒత్తిడా? మా ఇంట్లో నన్నెవరూ ఒత్తిడి చెయ్యరమ్మా, నా ఇష్టం వచ్చినట్టే ఉంటా' అంది. నేను సున్నా చుట్టాను. మిగిలిన ప్రశ్నలూ అలాగే సాగాయి. కాగితాలు సంచిలో పెట్టుకుంటూ, ఏదో పలకరింపుగా, 'ఇవాళ ఏమైనా చిరాకు పుట్టిందా?' అన్నాను. అంతే, బ్యాంకులో కుదువపెట్టిన పుస్తెలతాడు గురించి, వడ్డీ కట్టమని వచ్చిన కాగితం గురించి, అది చూసి అన్నం ముందు నుంచి లేచిపోయిన కొడుకు గురించి, తొడిమలు తీసిన కాయలతో గంప నిండేదాకా చెప్పింది. మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతులు ఆగలేదు, తల ఎత్తలేదు. నా పరిశోధనలో ఆవిడకు ఒత్తిడి సున్నా.

ఒత్తిడి అనే మాట పత్రికలలోనూ పాఠ్యపుస్తకాలలోనూ స్ట్రెస్‌కు స్థిరపడింది, నేనూ ఈ శీర్షికలో అదే వాడుతున్నాను. కాని చాలామంది నోట ఇప్పటికీ ఒత్తిడి అంటే ఒకరు ఇంకొకరిని బలవంతపెట్టడం. మన వాళ్ళు తమ బాధను చెప్పుకునే మాటలు వేరే ఉన్నాయి. టెన్షన్ అంటే పల్లెల్లో కూడా అర్థమవుతుంది. అది కాక చిరాకు, విసుగు, దిగులు, బెంగ, మనసు బాగోకపోవడం, తల వేడెక్కడం, గుండె దడ. తెలంగాణలో రంది అని అడిగితే వచ్చే జవాబు గుంటూరు వైపు దిగులు అని అడిగితే వస్తుంది. వీటిలో ఏదీ స్ట్రెస్‌కు సరిసమానం కాదు. విసుగులో కోపం పాలు ఎక్కువ, దిగులులో భయం పాలు ఎక్కువ. నీ ప్రశ్న దేన్ని కొలవాలనుకుంటోందో ముందు తేల్చుకుని, ఆ తర్వాత మాటను ఎంచుకోవాలి.

పని చేసే పద్ధతి ఉంది. నువ్వు తెలుగు చేసినదాన్ని, మూలం చూడని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లిష్‌లోకి చేయించి, రెండు ఇంగ్లిష్‌లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వివరించిన ఈ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. అయితే అది ఒక్కటే చాలదని నా అనుభవం. నా 'ఒత్తిడి'ని తిరగేసినా మళ్ళీ స్ట్రెస్ అనే వచ్చేది, ఎందుకంటే తిరగేసేవారూ మనలాగా చదువుకున్నవారే. అందుకే నలుగురు మనుషులకు చదివి వినిపించి, 'ఈ ప్రశ్న మీకేమని అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి' అని అడగాలి. 'గత నెల రోజులు' అన్నదాన్ని కూడా జాగ్రత్తగా చూడు. 'దసరా నుంచి ఇప్పటిదాకా' అంటే పెద్దవాళ్ళకు లెక్క చటుక్కున అందుతుంది.

ఇంకొక్క హెచ్చరిక. క్షేమాన్ని కొలిచే ప్రశ్నలో 'బాగున్నారా' అన్న మాట రానివ్వకు. ఆ మాటకు తెలుగువాళ్ళ జవాబు 'బాగున్నాం' ఒక్కటే, ఆస్పత్రి మంచం మీద ఉన్నా సరే.

ప్రశ్న: మా అమ్మాయి చదివే యూనివర్సిటీలో సైకాలజీ విభాగం వాళ్ళు ఒత్తిడి ప్రశ్నావళి ఇచ్చి నింపమన్నారట. పది ప్రశ్నలు, 40కి లెక్క. అమ్మాయికి 27 వచ్చింది. ఇది జబ్బా? రేపు రికార్డుల్లో ఉండిపోయి ఉద్యోగానికి, పెళ్ళికి అడ్డం వస్తుందా?
(ఒక తండ్రి, నెల్లూరు)

జవాబు: జబ్బు కాదు. మీరు చెప్పిన లెక్కను బట్టి అది షెల్డన్ కోహెన్ బృందం 1983లో ప్రచురించి, తర్వాత పది ప్రశ్నలకు కుదించిన ప్రశ్నావళి అయి ఉంటుంది. గత నెలలో సంగతులు తన చేయి దాటిపోతున్నట్టు మనిషికి ఎంత తరచుగా అనిపించిందో అది అడుగుతుంది. రోగనిర్ధారణ కోసం చేసినది కాదు, ఇంత దాటితే జబ్బు అన్న గీత దానికి లేదు. పరీక్షల నెలలో నింపితే ఒక అంకె, సెలవుల్లో నింపితే ఇంకో అంకె వస్తుంది. ఇక రికార్డుల సంగతి. మన దేశంలో మనుషుల మీద జరిగే ఆరోగ్య పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. పాల్గొనేవారికి ముందుగా అంతా వివరించి సమ్మతి తీసుకోవాలి, వివరాలు గోప్యంగా ఉంచాలి, ఎప్పుడు మానుకుంటానన్నా కారణం అడగకుండా వదిలేయాలి. అమ్మాయి సంతకం చేసిన సమ్మతి పత్రం ప్రతి ఆమె దగ్గర ఉండాలి. లేకపోతే అడిగి తీసుకోమనండి. ఒక్క మాట మాత్రం మీతో చెప్పాలనిపిస్తోంది. 27 చూసి ఉద్యోగం, పెళ్ళి గురించి ఆలోచించే ముందు, ఈ నెల ఎలా గడిచిందో ఆ పిల్లను ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

ప్రశ్న: నేను రిటైరైన హెడ్మాస్టరును. వయసు 71. వయసు మీదపడే కొద్దీ ఒత్తిడి తగ్గుతుందని ఎక్కడో చదివాను. నా విషయంలో అది నిజమే, ఇప్పుడు నాకు ఏ గొడవా లేదు. కాని అది హాయిగా లేదు, ఏమీ తోచనట్టు ఉంది. దీన్ని ఏమనుకోవాలి?
(కరీంనగర్)

జవాబు: మాస్టారూ, మీరు చదివినది సరైనదే. అదే ఎనిమిది రాత్రుల పరిశోధనలో పాల్గొన్నవారిని దాదాపు 20 ఏళ్ళ పొడవునా గమనించి 2023లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, 25 ఏళ్ళవారికి దాదాపు సగం రోజులలో ఏదో ఒక చికాకు ఎదురైతే, 70 ఏళ్ళవారికి 30 శాతం రోజులలోనే ఎదురైంది. చికాకు వచ్చినప్పుడు కుంగిపోవడం కూడా యాభైల నడిమి దాకా తగ్గుతూ వచ్చి, అక్కడ నిలకడకు వచ్చింది. వారంతా అమెరికావారు, అందులోనూ ఎక్కువగా చదువుకున్న తెల్లవారు అన్న సంగతి మరవకూడదు. పింఛను లేని మన ఊరి కౌలురైతుకు 70వ ఏట చికాకులు తగ్గుతాయని ఆ లెక్కను బట్టి నేను చెప్పలేను.

మీ రెండో మాట నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. 2021లో సూసన్ చార్ల్స్ బృందం, ఎనిమిది రోజులలో ఒక్క చికాకు కూడా లేదని చెప్పినవారిని ప్రత్యేకంగా పరిశీలించింది. అటువంటివారు పదిమందిలో ఒకరు. వారి మనసు హాయిగా ఉంది, దీర్ఘవ్యాధులు కూడా తక్కువే. కాని జ్ఞాపకం, ఆలోచన వేగం వంటి పరీక్షలలో వారు మిగతావారి కన్నా వెనకబడ్డారు. ఇతరులకు సాయపడటం, ఇతరుల నుంచి సాయం పొందడం తక్కువ. సంతోషపెట్టే సంఘటనలు కూడా తక్కువే. టీవీ ముందు గడిపే సమయం ఎక్కువ. నలుగురితో మసలితే చికాకూ వస్తుంది, సంతోషమూ వస్తుంది. మసలకపోతే రెండూ రావు. చికాకు లేకపోవడం వల్ల బుద్ధి మందగించిందా, బుద్ధి మందగించడం వల్ల మనుషులకు దూరమై చికాకు తగ్గిందా అన్నది ఇందులో తేలదు.

విస్కాన్సిన్ యూనివర్సిటీకి చెందిన కెరోల్ రిఫ్ క్షేమానికి ఆరు ముఖాలున్నాయని 1989లో ప్రతిపాదించారు. తనను తాను ఒప్పుకోవడం, మనుషులతో మంచి సంబంధాలు, సొంత నిర్ణయం, చుట్టూ ఉన్న పరిస్థితులను చక్కబెట్టుకోగలగడం, బతుక్కి ఒక ఉద్దేశం ఉండటం, ఇంకా ఎదగడం. ఒత్తిడి లేకపోవడం అన్నది ఈ ఆరింటిలో ఎక్కడా లేదు. మీ ఉత్తరంలో నాకు వినిపించిన లోటు అయిదోది. మీ బడికి ఫోన్ చేసి, పదో తరగతిలో లెక్కలకు గాని ఇంగ్లిష్‌కు గాని వెనకబడిన పిల్లలను సాయంత్రం మీ ఇంటికి పంపమని అడగండి. వాళ్ళు ఇంట్లో అల్లరి చేస్తారు, మీకు విసుగు తెప్పిస్తారు. అది మీకు కావలసిన విసుగేనని నా నమ్మకం.

ప్రశ్న: మేడం, నాకు కష్టమంటూ ఏమీ లేదు. మావారు మంచివారు, పిల్లలిద్దరూ బాగా చదువుతున్నారు. కాని పొద్దున మోటారు ఆడక నీళ్ళు ఎక్కకపోతే నాకు ఏడుపొస్తుంది. భోజనాల దగ్గర మా అత్తయ్యగారు 'ఇవాళ కూడా ఉప్పు ఎక్కువైంది' అంటారు. నేనేమీ అనను, మజ్జిగ గిన్నె తెచ్చే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోతాను. రాత్రి పడుకున్నాక ఆ 'ఇవాళ కూడా' అన్న మాటే చెవుల్లో తిరుగుతుంది. మా చెల్లెలికి చెబితే 'నీకేం తక్కువక్కా' అంటుంది. ఇది ఒత్తిడేనా, లేక నా మనసే చిన్నదా?
(ఒక గృహిణి, తణుకు)

జవాబు: ఒత్తిడే. మీ మనసు చిన్నది కాదు. పైన బ్యాంకు ఉద్యోగికి రాసిన ఏడు ప్రశ్నలలో రెండోదాన్ని మరొకసారి చదవండి: తగవు కావలసిందే గాని పోనీలెమ్మని వదిలేసిన సంగతి ఏదైనా ఉందా? ఇన్ని వేల రోజుల లెక్కలు తీసిన పరిశోధకులు, నోటిదాకా వచ్చిన మాటను మింగుకోవడాన్ని కూడా ఒక సంఘటనగా ప్రత్యేకంగా రాసుకున్నారంటే, అది లెక్కలోకి రావలసినదేనని కదా అర్థం. మజ్జిగ గిన్నె కోసం మీరు లేచి వెళ్ళిన క్షణం ఆ కాగితంలో ఒక గడి.

మాట మింగుకోవడం ఎప్పుడూ చెడ్డదేనని కూడా అనలేం. ఈ పరిశోధనలోనే, వయసు పెరిగినవారు తగవును దాటవేసినప్పుడు పడుచువారి కన్నా తక్కువ బాధపడ్డారు. తగవులోకి దిగాక మాత్రం ఆ తేడా కనిపించలేదు. అంటే పెద్దవాళ్ళు వదిలేసినప్పుడు నిజంగానే వదిలేస్తున్నారని నేను అర్థం చేసుకున్నాను. మీరు వదిలేయడం లేదు, దాచుకుంటున్నారు. ఆరెగన్ స్టేట్ యూనివర్సిటీలో డకోటా విట్జెల్, రాబర్ట్ స్టావ్‌స్కీ 2021లో ఇదే సమాచారం నుంచి ఇంకో సంగతి చూపించారు. గొడవ గాని, దాటవేసిన గొడవ గాని, తేలిపోయిందని మనిషికి అనిపిస్తే ఆ రోజు బాధ తగ్గింది, మర్నాటికి దాదాపు ఏమీ మిగల్లేదు. తేలిపోవడం అంటే గెలవడం కాదు, ఎదుటివారు క్షమాపణ చెప్పడమూ కాదు. ఆ సంగతి ముగిసిందని మీకు అనిపించాలి, అంతే.

కనుక మీరు రెండు పనులు చేయాలని నా సూచన. మొదటిది, పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన పేజీలు తీసుకుని, ఎనిమిది రాత్రులు, పడుకునే ముందు, ఆ రోజు జరిగిన చికాకులు రాయండి. ఎవరితో, ఏ మాట, మీరేమన్నారు లేక ఏమనలేదు, మనసు ఎంత నొచ్చింది. నొచ్చినదానికి సున్నా నుంచి మూడు దాకా ఒక అంకె వేయండి. ఆ రోజు హాయినిచ్చిన సంగతి ఒకటైనా పక్కనే రాయండి. పరిశోధకులు కూడా దాన్ని అడుగుతారు, మనమే మరిచిపోతాం. మర్నాడు పొద్దున, పొయ్యి వెలిగించక ముందు, రాత్రి రాసినదాని ఎదురుగా ఇంకా ఉందో పోయిందో ఒక్క మాట రాయండి. ఎనిమిదో రోజున చూసేటప్పుడు పై అంకెల కన్నా ఈ పొద్దుటి మాటలు చూడండి. నాకు తోచినంతలో, మోటారు గురించి రాసినచోట 'పోయింది' అని ఉంటుంది, 'ఇవాళ కూడా' దగ్గర 'ఉంది' అని ఉంటుంది. అలా ఉంటే మీకు ఏడుపు తెప్పించేది మోటారు కాదని, దానికి ముందు రాత్రి మిగిలినదని మీకే తెలుస్తుంది.

రెండోది, ఆ మిగిలినదాన్ని తేల్చుకోవడం. అత్తగారితో తగవుకు దిగమని నేను చెప్పడం లేదు. భోజనాల దగ్గర, అందరి ముందు, అసలే వద్దు. మధ్యాహ్నం ఆవిడ తీరిగ్గా ఉన్నప్పుడు, 'అత్తయ్యా, ఉప్పు నా చేతికి అందడం లేదు, రేపు పప్పులో మీరే వేసి చూపించండి' అని అడిగి చూడండి. ఆవిడకు అది ఫిర్యాదుగా కాక పెద్దరికంగా వినిపించవచ్చు. వినిపించకపోతే, కనీసం మీ నోట ఒక మాట బయటికి వచ్చినట్టవుతుంది. మీవారు మంచివారని రాశారు. ఆ 'ఇవాళ కూడా' సంగతి ఆయనకు ఎప్పుడైనా చెప్పారా? చెప్పకపోతే ఈ రాత్రే చెప్పండి, తీర్పు చెప్పమని కాదు, వినమని.

ఒకవేళ రెండు వారాలు దాటినా నిద్ర సరిగా పట్టకపోయినా, తిండి సహించకపోయినా, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోయినా, నోటుపుస్తకంతో సరిపెట్టుకోవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే సహాయ కేంద్రానికి 14416 నంబరు మీద ఫోన్ చేయండి. పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడతారు. 'నాకు కష్టమంటూ ఏమీ లేదు, కానీ' అని మొదలుపెట్టినా వాళ్ళు వింటారు.